దోషం చల్లదనానిది కాదు, మూసిన గదిది

ప్రతి వేసవిలోనూ, వానలు మొదలైన తరువాత మరికొంత ఎక్కువగానూ, నన్ను సలహా అడగడానికి వచ్చే తల్లిదండ్రుల నోట ఒకే మాట వింటాను: “మా వాడికి ఏసీ పడదండీ.” పిల్లవాడు ఉదయం లేవగానే వరుసగా పది, పదిహేను తుమ్ములు తుమ్ముతాడు. ముక్కు దిబ్బడ వేసి నోటితో గాలి పీలుస్తుంటాడు. రాత్రి రెండు గంటల వేళ పొడిదగ్గుతో లేచి కూర్చుంటాడు. తల్లి చేతిసంచిలో మూడు రకాల సిరప్పులు, సగం వాడిన మాత్రల పట్టీలు ఉంటాయి. ఇంతమంది వైద్యులను చూసిన ఆ తల్లిని “మీ పడకగది కిటికీ చివరిసారిగా ఎప్పుడు తెరిచారమ్మా?” అని అడిగిన వారు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ ప్రశ్న నేనూ చాలా కాలం అడగలేదు. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన రోజులలో ఇటువంటి బిడ్డ వస్తే చీటీ చివర “ఏసీ మానవలెను” అని వ్రాసి పంపేవాడిని. అది తేలికైన సలహా. వినేవారికి కూడా నచ్చే సలహా, ఎందుకంటే ఒక నేరస్థుడు దొరుకుతాడు. ఆ సలహా తప్పని నాకు ఒక బిడ్డ నేర్పింది. ఆ సంగతి ముందుగా చెబుతాను.

తీరాంధ్రలో ఒక పట్టణంలో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదేళ్ళ అమ్మాయిని తీసుకువచ్చారు. ఉబ్బసం ఉన్నది. కొత్తగా ఏసీ పెట్టించుకున్న ఇల్లు. నేను ఏసీ మానమన్నాను. వారు బుద్ధిమంతులు, మానివేశారు. దాని బదులు గడ్డి తడకలున్న ఒక ఎయిర్ కూలర్ కొన్నారు. దోమల భయంతో కిటికీలు మాత్రం మూసే ఉంచారు. అయినా దోమలు తగ్గక మంచం కింద దోమల చుట్ట వెలిగించారు. మూడు వారాల తరువాత ఒక అర్ధరాత్రి ఆ అమ్మాయి మాట పెగలకుండా, పెదవులు నీలిబారి వచ్చింది. ప్రాణవాయువు పెట్టి, నెబ్యులైజరుతో మందులు ఇచ్చి తెల్లవారేవరకు కూర్చున్నాము. బిడ్డ బ్రతికింది. తరువాత ఆ ఇంటికి స్వయంగా వెళ్ళి చూశాను. గోడ అడుగున చెమ్మ, నల్లని బూజు. కూలరు గడ్డి నల్లబడి, కుళ్ళిన వాసన వేస్తున్నది. మంచం కింద చుట్ట బూడిద. తాతగారి నాటి దూది పరుపు. మూసిన కిటికీ గడియ తుప్పు పట్టి ఉంది. నేను ఒక యంత్రాన్ని తీయించి, నాలుగు ప్రమాదాలను ఆ గదిలోకి పంపించాను.

కాబట్టి ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఇళ్ళలో పెరుగుతున్న ఎలర్జీలకు ఏసీని నిందించడం పొరపాటు. ఏసీ గాలిని శుభ్రపరుస్తుందని నమ్మడం అంతకంటె పెద్ద పొరపాటు. అసలు దోషం ఏసీ కోసం మనం మూసివేసిన గదిలో ఉన్నది.

ఎలర్జీ అంటే ఏమిటి?

మన శరీరంలోని రక్షణవ్యవస్థ సూక్ష్మజీవులతో పోరాడడానికి ఏర్పడింది. కొందరిలో అది హానిచేయని పదార్థాలను కూడా శత్రువులుగా పొరబడి వాటికి ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. ఈ ప్రతిరక్షకాలు మాస్టు కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ పదార్థం మరల తగిలినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ముక్కులో విడుదలయితే తుమ్ములు, నీరు కారడం. కళ్ళలో అయితే దురద, ఎరుపు. శ్వాసనాళికలలో అయితే అవి బిగుసుకుని, పొర వాచి, పిల్లికూతలు. దీనికి వంశపారంపర్యం ఒక కారణం. ఆ బిడ్డ ఏ గాలిలో పెరుగుతున్నాడన్నది రెండవ కారణం. మొదటిది మన చేతిలో లేదు. రెండవదానిలో చాలా భాగం మన చేతిలో ఉన్నది.

ఇంటి గాలిలో ఈ పాత్ర వహించే వాటిలో ముఖ్యమైనది ధూళిపురుగు. ఇంటి దుమ్ము కొందరికి ఎందుకు పడదో చాలాకాలం తెలియలేదు. 1964 ప్రాంతంలో నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ నగర పరిశోధకులు దుమ్ములో జీవించే ఈ పురుగులే దానికి మూలమని చూపించారు. ఇవి మిల్లీమీటరులో మూడవ వంతు ఉంటాయి, కంటికి ఆనవు. మన శరీరం నుంచి రాలే చర్మపు పొట్టు వీటి ఆహారం. పరుపు, దిండు, బొంత, తివాచీ, దూది బొమ్మలు వీటి నివాసం. ఇవి కుట్టవు, కరవవు. వీటి విసర్జనలలోని మాంసకృత్తులే మన రక్షణవ్యవస్థను రెచ్చగొడతాయి.

ఈ పురుగు నీరు త్రాగదు. గాలిలోని తేమను శరీరంతో పీల్చుకుని బ్రతుకుతుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత చాలా రోజులపాటు 50 శాతం లోపు ఉంటే ఎండి చనిపోతుంది. అదే 70 శాతం దాటితే హాయిగా సంతానాన్ని పెంచుకుంటుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాలలో సంవత్సరంలో అధికభాగం ఎటువంటి గాలి ఉంటుందో ఆ ఊళ్ళవారికి నేను చెప్పనక్కరలేదు. ధూళిపురుగుకు మన తీరప్రాంతం అత్తవారిల్లు వంటిది.

ఏసీ ఏమి చేస్తుంది? ఏమి చేయదు?

ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే స్ప్లిట్ ఏసీని తీసుకుందాము. ఒక పెట్టె గది గోడకు, ఒక పెట్టె ఇంటి బయట. రెండింటి మధ్య సన్నని రాగి గొట్టాలు. చాలామంది బయటి పెట్టె ద్వారా స్వచ్ఛమైన గాలి లోపలికి వస్తుందని నమ్ముతారు. ఆ గొట్టాలలో ప్రవహించేది గాలి కాదు, శీతలీకరణ ద్రవం. అది గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారవేస్తుంది. గాలి మాత్రం గదిలోనిదే. పైనుంచి పీల్చుకుని, చల్లబరచి, కిందికి వదులుతుంది. రాత్రి పది గంటలకు మీరు వదిలిన ఊపిరే ఉదయం ఆరు గంటలకు కూడా ఆ గదిలో తిరుగుతూ ఉంటుంది.

దీనికి ఒక కొలత ఉన్నది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల భాగాలలో సుమారు 420 భాగాలు ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించిన పడకగదిలో ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ నిద్రించితే తెల్లవారేసరికి అది 2000 దాటడం సాధారణం. ఆ వాయువు ఎలర్జీని కలిగించదు. కాని గదిలో గాలి మారలేదనడానికి అది సాక్ష్యం. ఆ వాయువు పోలేనప్పుడు ధూళి, బూజు రేణువులు, బొద్దింకల విసర్జనల పొడి, అత్తరుల ఆవిరి, పొగ కూడా పోలేవు.

ఏసీ ముందుండే వలకు దారాలు, వెంట్రుకలు, లావుపాటి దుమ్ము చిక్కుతాయి. ఆ వల యంత్రాన్ని దుమ్ము నుంచి కాపాడడానికి పెట్టినది, మీ ఊపిరితిత్తులను కాపాడడానికి కాదు. సన్నని పొగ రేణువులు దానిలోనుంచి నిరాటంకంగా దాటిపోతాయి. ఆ వల వెనుక చల్లని లోహపు రేకులు ఉంటాయి. గాలిలోని తేమ వాటిపై నీరుగా మారి కింది తొట్టిలోకి, అక్కడి నుంచి గొట్టం ద్వారా బయటకు పోతుంది. చల్లదనం, చీకటి, తడి, దుమ్ము ఒకచోట చేరితే బూజు పట్టక ఏమవుతుంది? యంత్రం పెట్టగానే వచ్చే ముక్క వాసన మీకు తెలిసే ఉంటుంది. అది బూజు వాసన. దానిని కప్పిపుచ్చడానికి గదిలో సువాసన ద్రవం చల్లుతారు. ఉబ్బసం ఉన్న బిడ్డకు అది రెండవ దెబ్బ.

అయితే న్యాయం కూడా చెప్పాలి. తేమను తీసివేయడం ఏసీ చేసే మేలు. తీరప్రాంతంలో సరిగా వాడిన ఏసీ ధూళిపురుగులకు శత్రువు కాగలదు. కాని మనం రాత్రి ఎనిమిది గంటలు నడిపి, పగలంతా గదిని మూసి ఉంచుతాము. పగటి తేమ పరుపులో చేరుతుంది. రోజులో కొద్ది గంటల తేమ దొరికినా ఆ పురుగు ప్రాణం నిలుపుకుంటుంది. ఇక చల్లని గాలి నేరుగా ముఖానికి తగిలితే తుమ్ములు, దగ్గు వచ్చేవారున్నారు. ఎండలోనుంచి వచ్చి హఠాత్తుగా 18 డిగ్రీల గదిలోకి వెళితే శ్వాసనాళికలు బిగిసేవారున్నారు. ఇది చలికి కలిగే చిరాకు, ఎలర్జీ కాదు. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల వద్ద మొదలు కావాలన్న నియమం ఉన్నది. రిమోటు అందుకుని దానిని 18కి దించేది మనమే.

వెంటిలేటర్లను ఎవరు చంపారు?

మీలో యాభై దాటినవారు మీ చిన్ననాటి ఇంటిని ఒకసారి గుర్తు చేసుకోండి. పెంకుటిల్లయినా, మండువా లోగిలి అయినా, డాబా ఇల్లయినా, గోడ పైభాగాన, కప్పుకు కొద్దిగా దిగువన, వెంటిలేటర్లు ఉండేవి. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. అది పైనుంచి బయటకు వెళితే చల్లని గాలి కింది కిటికీల నుంచి లోపలికి వస్తుంది. ఆ నిర్మాణానికి కరెంటు బిల్లు లేదు. వేసవిలో ద్వారాలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. గాలి ఆ తడి గుండా లోపలికి వచ్చి, వెనుక వాకిలి నుంచి వెళ్ళిపోయేది.

ఇప్పటి అపార్టుమెంట్లలో వెంటిలేటరు కనపడదు. “ఏసీ గాలి పోతుంది సార్” అంటాడు కట్టేవాడు. ఉన్నవాటికి కూడా అట్టముక్కలు పెట్టి, టేపు అంటించినవారిని నేను చూశాను. జాతీయ భవన నిర్మాణ స్మృతి వేడి, తేమ ఉన్న ప్రాంతాలలో నివసించే గదికి, తలుపులు మినహాయించి, కిటికీలు వెంటిలేటర్ల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరవ వంతుకు తగ్గరాదని చెబుతున్నది. వేడి, పొడి ప్రాంతాలలో పదవ వంతు. నూటఇరవై చదరపు అడుగుల గదికి తీరంలో ఇరవై చదరపు అడుగుల కిటికీ కావాలన్నమాట. ఇప్పుడు మీ జరిగే అద్దాల కిటికీని చూడండి. రెండు పలకలలో ఒకటి తీస్తే రెండవదానిని మూస్తుంది. కాగితం మీద ఇరవై ఉన్నది, గాలికి దొరికేది పది. దాని ఎదుటనే మరొక అపార్టుమెంటు గోడ. ఏసీ బయటి పెట్టె పెట్టిన గట్టు మీద పావురాలు గూడు కట్టి, వాటి రెట్టల ధూళి ఆ పది అడుగుల సందులోనుంచే లోపలికి వస్తుంది.

ఇల్లు కొనేవారు పాలరాతి నేల చూస్తారు, వాస్తు చూస్తారు, పార్కింగు చూస్తారు. ఈ గదిలోకి గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందని అడగరు. అడిగేవారు లేనప్పుడు కట్టేవారికేమి పట్టింది?

మూసిన గదిలో మనం కలిపేవి

మూసిన గదిలో మనం చేసే పనులు మరింత విచారకరం. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఒక దోమల చుట్ట కాలితే వెలువడే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని వాటికి సమానమని తేలింది. బిడ్డ ఎదుట సిగరెట్టు వెలిగించిన బంధువును మనం మందలిస్తాము. మంచం కింద చుట్ట వెలిగించి తలుపు వేసుకుంటాము. అగరువత్తులు, సాంబ్రాణి కూడా పొగలే. దేవుని ఎదుట దీపం వెలిగించవద్దని నేను అనను. ధూపం వేసేటప్పుడు కిటికీ తెరవండి, ఉబ్బసం ఉన్న బిడ్డను ఆ గదిలో ఉంచకండి అని మాత్రమే అంటాను.

ఏసీ కొనలేనివారి ఇళ్ళలో ఎయిర్ కూలరు ఉంటుంది. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. కనుక కిటికీ బయట పెట్టి, పొడిగాలిని లోపలికి తీసుకుని, తేమగాలి మరొక వైపు నుంచి పోయేలా వాడితేనే పనిచేస్తుంది. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ మండువేసవిలో అది మంచి సాధనం. తీరంలో, అదీ మూసిన గదిలో, అది చల్లదనం ఇవ్వదు; గోడలకు చెమ్మ, పరుపుకు బూజు ఇస్తుంది. దీని ప్రమాదం తుమ్ములతో ఆగదు. మన దేశంలోని 19 నగరాలలో 27 వైద్యకేంద్రాలు కలిసి ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే వ్యాధులు గల 1084 మందిని పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించాయి. వారిలో 47.3 శాతానికి, పీల్చిన జీవధూళి పడక ఊపిరితిత్తులు వాచే వ్యాధి ఉన్నట్లు తేలింది. ఆ వ్యాధి ఉన్నవారిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలికి గురైనవారే. కూలరే కారణమని ఆ లెక్క ఒక్కటే రుజువు చేయదు. కాని నెలల తరబడి మార్చని గడ్డిని, కడగని తొట్టిని అనుమానించడానికి అది చాలు. ఆ తొట్టిలోని నిలవనీటిలోనే డెంగీ దోమ కూడా గ్రుడ్లు పెడుతుంది.

భయం మీద వ్యాపారం

మూసిన గదికి పరిష్కారం కిటికీ. కిటికీని ఎవరూ అమ్మలేరు. కాబట్టి మిగిలినవన్నీ అమ్ముతారు.

ఒకరు గాలిని శుద్ధిచేసే యంత్రం అమ్ముతారు. మంచి వడపోత ఉన్న యంత్రం గాలిలోని రేణువులను తగ్గించే మాట నిజమే. కాని అది ప్రాణవాయువును తీసుకురాదు, తేమను తగ్గించదు, పరుపులోని పురుగును చంపదు. ఓజోను వెదజల్లే రకాలైతే ఊపిరితిత్తులకే హాని, వాటిని ఇంట్లోకి రానివ్వకండి. ఇంకొకరు పరుపుకు ప్రత్యేకమైన తొడుగు అమ్ముతారు. ధూళిపురుగులను తగ్గించే పద్ధతులపై జరిగిన 54 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2008లో, ఇటువంటి ఉపాయాల వలన ఉబ్బసం తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. తొడుగు పనికిరానిదని నేను అనడం లేదు. చెమ్మగోడను, మూసిన కిటికీని వదిలివేసి ఒక వస్తువు కొని ఊరుకుంటే ఫలితం ఉండదని అంటున్నాను. మరొకరు ఒక్క రక్తపు బొట్టుతో వంద రకాల ఎలర్జీలు చెబుతామంటారు. ఆ పట్టికలో గుర్తు పడినంత మాత్రాన అది వ్యాధి కాదు. లక్షణాలతో పోల్చి చూడాలి. ఆ పట్టిక చూసి బిడ్డకు పాలు, గ్రుడ్లు, పప్పు మాన్పించి ఎముకల గూడు చేసిన తల్లిదండ్రులను చూశాను. మంచం మీది పరుపును మాత్రం వారు మార్చలేదు.

నా వృత్తివారినీ విడిచిపెట్టను. తుమ్మితే మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర నెలల తరబడి వ్రాయడం అలవాటయింది. ఈ మందు వాడేవారిలో కొందరికి నిద్రలో పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్యా తలంపులు కలగవచ్చని 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఆ మందుపై ముద్రించమన్నది. అవసరమైన చోట అది మంచి మందే; వాడుతున్నవారు మీ వైద్యుని అడగకుండా మానకండి. కాని కారణాన్ని గదిలో ఉంచి మాత్రతో నెట్టుకురావడం వైద్యం కాదు.

మరొక వైపు, ఇన్‌హేలరు అంటే జనానికి అకారణమైన భయం. “అలవాటు పడిపోతుందండీ, పెళ్ళి సంబంధాలు రావండీ” అంటారు. పీల్చే స్టీరాయిడు మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది. ఒక్క పీల్పులో 200 మైక్రోగ్రాములు. నాటువైద్యుడు తెలియకుండా పొడిలో కలిపి ఇచ్చే స్టీరాయిడు మాత్ర ఒక్కటి 5 మిల్లీగ్రాములదైనా 5000 మైక్రోగ్రాములు. రెండు మందులూ ఒకటి కావు, కాని తేడా ఎంతో ఊహించండి. మొదటిది అవసరమైన చోటికి చేరుతుంది, రెండవది ఒంటినంతా తడుముతుంది. ఇన్‌హేలరు మాని కిటికీ తెరవమని నేను చెప్పడం లేదు. రెండూ చేయండి.

మీ ఆక్షేపణలకు సమాధానం

“బయట దుమ్ము, పొగ, కిటికీ తెరిస్తే అవి లోపలికి రావా?” అని అడుగుతారు. రద్దీ రోడ్డు పక్కన ఉన్నవారి బాధ నిజమే. అటువంటివారు వాహనాలు తక్కువగా ఉండే వేళ, రోడ్డుకు దూరంగా ఉన్న వైపు తెరవాలి. శీతకాలపు తెల్లవారుజామున పొగమంచు కమ్మి ఉంటే ఎండ వచ్చాక తెరవాలి. కాని ఒక సంగతి మరువకండి: బయటి పొగ ఎలాగూ సందులలోనుంచి లోపలికి వస్తుంది. లోపలి తేమ, మీ చుట్ట పొగ, మీ పురుగుల ధూళి బయటకు పోయే దారి మాత్రం మీరు తెరిస్తేనే ఉంటుంది.

“దోమలో?” దోమకు జవాబు కిటికీకి వల, మంచానికి దోమతెర. మన పెద్దలకు తెలిసిన ఈ పాత ఉపాయం పొగ లేనిది, వాసన లేనిది, కరెంటు అడగనిది.

“ఏసీ మానేస్తే పోలేదా?” పోలేదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకు వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. అటువంటి రోజులలో వృద్ధులకు, గర్భిణులకు, హృద్రోగులకు చల్లని గది విలాసం కాదు, రక్షణ. ఆ రక్షణను వదులుకోమని చెప్పే హక్కు ఏ వైద్యునికీ లేదు. నేను ఒకనాడు చెప్పాను, అది తప్పు.

అమెరికాలో బిడ్డల వద్దకు వెళ్ళే తాతలు, అమ్మమ్మలు అడిగే ప్రశ్న వేరు. అక్కడ శీతకాలంలో ఇల్లంతా గొట్టాల ద్వారా వేడిగాలి తిరుగుతుంది. బయటి చలిగాలి లోపలికి వచ్చి వేడెక్కితే దాని సాపేక్ష ఆర్ద్రత పడిపోతుంది. ముక్కు ఎండి, పొర చిట్లి, రక్తపు చారలు కనిపిస్తాయి. అది ఎలర్జీ కాదు, పొడితనం. దానికి భయపడి తేమ యంత్రాన్ని రాత్రంతా నడిపితే, తివాచీలున్న ఆ ఇళ్ళలో 50 శాతం దాటి తేమ చేరి, అక్కడా ధూళిపురుగు లేస్తుంది. చిన్న తేమమాపకం ఒకటి కొని 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. వేడిగాలి యంత్రపు వడపోతను తయారీదారు చెప్పిన గడువుకు మార్చండి. వ్యాధి ఒకటే, అక్కడి గది వేడి కోసం మూశారు, ఇక్కడి గది చలువ కోసం మూశాము.

రేపటి నుంచి చేయవలసినవి

ఉదయం, సాయంకాలం పదిహేను నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవండి. ఒకే కిటికీ ఉంటే గది తలుపు కూడా తెరవండి. గాలికి వచ్చే దారితో పాటు పోయే దారి కావాలి. పడకగదికి ఆనుకుని స్నానాలగది ఉంటే దాని ఎగ్జాస్టు ఫ్యాను నడిపి, కిటికీని రెండు అంగుళాలు తెరవండి. రాత్రి ఏసీ వేసినా పడుకునే ముందు, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు పది నిమిషాలు ఇలా చేయవచ్చు. దానివలన పెరిగే కరెంటు ఖర్చు ఒక సిరప్పు సీసా ధరను మించదు.

ఏసీ వలను రెండు వారాలకు ఒకసారి పంపు కింద కడిగి నీడన ఆరబెట్టండి. ఇది పది నిమిషాల పని. దీనికి మెకానిక్కు అక్కరలేదు. వేసవి మొదట్లో మాత్రం లోపలి రేకులు, నీటి తొట్టి, గొట్టం శుభ్రం చేయించండి. దగ్గర నిలబడి చూడండి. ఏసీ ఆపే ముందు పావుగంట ఫ్యాను మాత్రమే నడిపితే లోపలి తడి ఆరుతుంది. 25, 26 డిగ్రీలు పెట్టి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. గాలి పడక మీదికి సూటిగా రానివ్వకండి.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికి ఒకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. పరుపును, దిండ్లను ఎండ కాసే రోజున మధ్యాహ్నం వరకు ఎండలో వేసి, సాయంత్రం తేమ చేరకముందే దులిపి లోపలికి తీసుకురండి. ఆ దులిపే పని ఎలర్జీ లేనివారు చేయాలి. చెమ్మగోడకు రంగు వేయించడం వలన ఉపయోగం లేదు. నీరు కారే గొట్టాన్ని ముందు బాగు చేయించండి. కూలరు తొట్టిని వారానికి ఒకసారి ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. గడ్డిని ప్రతి వేసవికీ మార్చండి.

ఇంటిలో చేసేది మీ వంతు. అపార్టుమెంటు సంఘంలో మాట్లాడడమూ మీ వంతే. కొత్త ఇల్లు కొనేటప్పుడు వెంటిలేటరు ఏదని అడగండి. మీ పిల్లల బడిలో ఏసీ తరగతి గదులని గొప్పగా చెప్పుకుంటే, ఆ గదిలో నలభై మంది ఊపిరి ఎక్కడికి పోతున్నదని అడగండి. పట్టణ ప్రణాళిక అధికారులు అనుమతి ఇచ్చేటప్పుడు గీసిన కిటికీ కాకుండా తెరుచుకునే కిటికీని కొలవాలి. స్మృతిలో వ్రాసి ఉన్న ఆరవ వంతు మన పిల్లల ఊపిరికి సంబంధించిన లెక్క.

ఆ తొమ్మిదేళ్ళ అమ్మాయి తండ్రి చిరుద్యోగి. ఆయన చేసినవి నాలుగే పనులు. కారుతున్న గొట్టం బాగు చేయించారు, పాత పరుపు తీసివేశారు, కిటికీకి వల కొట్టించి తెరిచారు, చుట్ట మాని దోమతెర కట్టారు. కూలరు అమ్మివేసి ఏసీని తిరిగి వాడుకున్నారు. అమ్మాయి ఇన్‌హేలరు క్రమం తప్పక పీల్చింది. ఆ తరువాత నేను ఆ ఊరిలో ఉన్న రెండేళ్ళలోనూ ఆ బిడ్డ అర్ధరాత్రి ఆసుపత్రికి రాలేదు.

ఇది చదవడం ముగించిన తరువాత మీ పడకగదిలోకి వెళ్ళి, కిటికీ గడియ తీసి చూడండి. తుప్పు పట్టి రాకపోతే, మీ బిడ్డకు ఏది పడడం లేదో వెతకడం అక్కడినుంచి మొదలుపెట్టండి.